ఐసీయూ గడపకు ఇవతల

“ఐసీయూలోకి తీసుకెళ్లారంటే ఇక ఆశ వదులుకోవలసిందే.” “వెంటిలేటర్ పెట్టిన మనిషి తిరిగి రాడు.” ఈ రెండు మాటలు 2020 తర్వాత కర్నూలు, కడప ప్రాంతాల్లోని మన ఇళ్లలో దాదాపు సామెతలైపోయాయి. కరోనా ఉధృతి తగ్గినా ఈ మాటలు మాత్రం నిలిచే ఉన్నాయి. చలికాలంలో ఫ్లూ జ్వరం వచ్చి ఆయాసపడుతున్న పెద్దవారిని ఆసుపత్రికి తీసుకెళ్లే విషయంలో ఈనాటికీ కుటుంబాలు తటపటాయించడానికి ఈ భయమే కారణం. తటపటాయింపులో రెండు మూడు రోజులు గడిచిపోతాయి. చివరికి రోగి సొమ్మసిల్లిన స్థితిలో ఆసుపత్రికి చేరతాడు, ఐసీయూలో కన్నుమూస్తాడు. “మేము చెప్పలేదా?” అని చుట్టుపక్కల వారంటారు. ఈ విధంగా భయం తనకు తానే సాక్ష్యాన్ని సృష్టించుకుంటుంది.

ఒకే వైరస్ సోకి, ఒకే ఆసుపత్రిలో, పక్కపక్క మంచాల మీద చికిత్స పొందిన ఇద్దరిలో ఒకరు ఇంటికి తిరిగివచ్చి, మరొకరు రాకపోవడానికి కారణమేమిటి? ఈ నెల ఈ శీర్షికలో మేము ఈ ప్రశ్నను తీసుకుంటున్నాము. ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉన్నదన్న విశ్వాసం మనది. అయితే ఆ విశ్వాసం కారణాలను వెదకవద్దని మనకు చెప్పలేదు. వైద్యశాస్త్రం గత ఇరవై ఏళ్లలో ఈ ప్రశ్నకు చాలావరకు సమాధానం కనుగొన్నది. దాని సారాంశం ఇది: ఐసీయూలో రోగి గతి అధికభాగం ఐసీయూ గడపకు ఇవతలే రూపుదిద్దుకుంటుంది. ఆ రోగి ఎటువంటి శరీరంతో వచ్చాడు, వ్యాధి మొదలైన ఎన్నో రోజున వచ్చాడు అన్నవి అందులో ప్రధానమైనవి. ఈ రెండింటిలోనూ కుటుంబం చేయగలిగింది ఎంతో ఉన్నది.

వ్యాధి ఊపిరితిత్తుల్లో చేసే పని

మన ఊపిరితిత్తులలో కోట్లాది సన్నని గాలి సంచులున్నాయి. ఆ సంచుల గోడలు ఎంత పలుచనివంటే, లోపలి గాలిలోని ప్రాణవాయువు నేరుగా రక్తంలోకి చేరిపోతుంది. ఫ్లూ గాని, కరోనా గాని ఎక్కువమందిలో ముక్కు, గొంతు వరకే పరిమితమై వారంలో తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం వైరస్ కిందికి దిగి ఈ సంచులను దెబ్బతీస్తుంది. దానిని ఎదుర్కొనే ప్రయత్నంలో శరీరంలోని రక్షణ వ్యవస్థ కూడా హద్దు మీరుతుంది. సంచుల గోడలు వాచి, వాటిలో నీరు చేరుతుంది. గాలి లోపలికి వెళ్తూనే ఉంటుంది గాని రక్తానికి ప్రాణవాయువు అందదు. మెదడు, గుండె, మూత్రపిండాలు ఆ కొరతను వరుసగా అనుభవిస్తాయి.

ఈ స్థితిలో ఐసీయూ చేసే పని వైరస్‌ను చంపడం కాదు. శరీరం తనను తాను బాగుచేసుకునే వరకు ఊపిరిని నిలబెట్టి ఉంచడం. కొందరికి అది మూడు రోజుల పని, కొందరికి మూడు వారాల పని. అంతకాలం తట్టుకునే నిల్వ శక్తి శరీరంలో ఉన్నదా లేదా అన్నదే అసలు ప్రశ్న.

కర్నూలు చూసిన సంవత్సరం

2020 ఏప్రిల్ నెలలో ఆంధ్రప్రదేశ్‌లో అత్యధిక కరోనా కేసులు కర్నూలు జిల్లాలోనే నమోదయ్యాయి. ఢిల్లీ మర్కజ్ సమావేశానికి వెళ్లివచ్చిన వారి పేరుతో ఒక సముదాయం మొత్తాన్ని వేలెత్తి చూపిన రోజులవి. ఆ అవమానానికి వెరచి జ్వరాన్ని దాచుకున్న వారున్నారు. నిందించే సమాజంలో వ్యాధి దాగుతుంది, దాగిన వ్యాధి ఆలస్యంగా బయటపడుతుంది. కనుక అవమానం కూడా ప్రాణాపాయాన్ని పెంచే కారణాలలో ఒకటేనని మేము భావిస్తున్నాము.

ఆ ఏప్రిల్ నడుమనే “రెండు రూపాయల డాక్టరు”గా కర్నూలు ప్రజలు పిలుచుకున్న డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుసేన్ కరోనాతో మరణించారు. ఆయన వయసు 76 సంవత్సరాలు. పేదలు ఇచ్చినంత తీసుకుని, ఇవ్వలేనివారిని అడగకుండా వైద్యం చేసిన ఆయన, ఆ వయసులోనూ రోగులను చూడడం మానలేదు. కర్నూలుకే గాక చుట్టుపక్కల జిల్లాలకూ, తెలంగాణ, కర్ణాటక సరిహద్దు గ్రామాలకూ ఆయన పేరు తెలుసు. అల్లాహ్ ఆయన సేవలను స్వీకరించుగాక.

ఆ తొలి నెలలలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాలలోని 84,965 మంది రోగులను, వారితో సన్నిహితంగా మెలగిన 5,75,071 మందిని పరిశీలించిన ఒక అధ్యయనం 2020లోనే ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. మన రాష్ట్రపు మనుషుల మీద జరిగిన పరిశీలన కనుక దానిలోని అంకెలు మనకు ముఖ్యమైనవి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలలో వ్యాధి నిర్ధారణ అయినవారిలో మరణించినవారు 0.05 శాతం మాత్రమే. 85 ఏళ్లు దాటినవారిలో అది 16.6 శాతం. మరణించినవారిలో 63 శాతం మందికి అంతకుముందే ఏదో ఒక దీర్ఘకాలిక వ్యాధి ఉన్నది. 45 శాతం మందికి మధుమేహం ఉన్నది. మరణానికి ముందే వ్యాధి నిర్ధారణ అయినవారిలో సగం మంది పరీక్ష జరిగిన ఆరు రోజులలోపే చనిపోయారు.

మరొక సంగతి కూడా అందులో కనబడింది. అమెరికాలో అప్పుడు మరణించినవారిలో సగానికి పైగా 75 ఏళ్లు దాటిన వృద్ధులు. మన రెండు రాష్ట్రాలలో ఆ వయసువారు ఐదోవంతు కూడా లేరు. అంటే మన దగ్గర వ్యాధి బలిగొన్నది ఎక్కువగా యాభై, అరవై ఏళ్లవారిని, ఇంకా సంసార భారం మోస్తున్నవారిని. మనవారి శరీరాలు ముందే అలసిపోతున్నాయన్న హెచ్చరిక ఇందులో ఉన్నది.

మార్చలేనివి

వయసును వెనక్కి తిప్పలేము. వయసు పెరిగే కొద్దీ ఊపిరితిత్తుల సాగుడు తగ్గుతుంది, రక్షణ కణాల స్పందన మందగిస్తుంది. వైద్యులు అపాయాన్ని అంచనా వేసే అనేక పద్ధతులలో వయసుకు పెద్దపీట. స్త్రీల కన్నా పురుషులలో మరణాలు ఎక్కువని అనేక దేశాల అనుభవం చెబుతున్నది. దీనికి శరీర ధర్మమూ, పొగ తాగే అలవాటూ రెండూ కారణాలే.

గర్భిణుల విషయం ప్రత్యేకంగా చెప్పవలసినది. 2009లో స్వైన్ ఫ్లూ ప్రపంచమంతటా వ్యాపించినపుడు, ఆరోగ్యంగా ఉన్న యువతులు కూడా గర్భం చివరి నెలలలో ఐసీయూ పాలైనారు. పెరిగిన గర్భం ఊపిరితిత్తులకు చోటు తగ్గిస్తుంది, ప్రాణవాయువు అవసరాన్ని పెంచుతుంది. ఇంట్లో గర్భిణికి జ్వరంతో పాటు ఆయాసం కనబడితే, “కడుపుతో ఉన్నపుడు ఆయాసం మామూలే” అని అత్తగారు గాని, అమ్మగారు గాని సర్దిచెప్పవద్దు. అదే రోజు వైద్యునికి చూపించాలి.

వీటిని మార్చలేకపోయినా, ఎవరి విషయంలో త్వరపడాలో ఇవి మనకు ముందే చెబుతున్నాయి. ఇంట్లో పాతికేళ్ల కుమారునికి జ్వరం వస్తే ఒక రోజు వేచిచూడవచ్చు. డెబ్బై ఏళ్ల దాదీకి వస్తే అదే నిదానం తగదు.

మధుమేహం అనే నిశ్శబ్ద భాగస్వామి

మార్చగలిగిన కారణాలలో మొదటిది చక్కెర వ్యాధి. రక్తంలో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉన్నపుడు సూక్ష్మక్రిములతో పోరాడే తెల్లకణాలు చురుకుదనం కోల్పోతాయి. సన్నని రక్తనాళాలు, వాటితో పాటు మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇక జ్వరం వచ్చినపుడు శరీరం ఒత్తిడికి లోనై చక్కెరను మరింత పెంచుతుంది. ఊపిరితిత్తుల వాపు తగ్గించడానికి ఇచ్చే స్టెరాయిడ్ మందు దానిని ఇంకా పైకి నెడుతుంది. ఈ మూడూ కలిసినపుడు ఏమవుతుందో 2021 వేసవిలో చూశాము. అదుపు తప్పిన చక్కెర, విచ్చలవిడి స్టెరాయిడ్ వాడకం కలిసి బ్లాక్ ఫంగస్ అనే భయంకర వ్యాధికి దారి తీశాయి. కరోనా నుంచి బయటపడినవారు కూడా దానివల్ల కన్ను, దవడ, కొందరైతే ప్రాణం పోగొట్టుకున్నారు.

భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించిన ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. మరో 13 కోట్లకు పైగా జనం దాని అంచున ఉన్నారు. అందులో తమకు వ్యాధి ఉన్నదని తెలియనివారు చాలామంది. ఆసుపత్రిలో చేరిన తర్వాతనే మొదటిసారి “మీకు షుగర్ ఉంది” అనే మాట వినేవారున్నారు. నలభై దాటిన ప్రతివారూ సంవత్సరానికి ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. వ్యాధి ఉన్నవారు మూడు నెలల సగటు చూపే పరీక్షను వైద్యుడు చెప్పిన వ్యవధిలో చేయించుకోవాలి. “తీపి మానేశాను కదా” అన్నది చికిత్స కాదు. మూడు పూటలా అన్నం తిని, వలీమాలలో బిర్యానీకి లోటు లేకుండా చూసుకుని, చాయ్‌లో మాత్రం చక్కెర మానేసేవారు మనలో తక్కువ లేరు.

నడుము చుట్టుకొలత కూడా చూసుకోవాలి. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే అపాయం మొదలైనట్లే. మన ప్రాంతపు శరీరాలలో బరువు అంత ఎక్కువ లేకున్నా పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది. స్థూలకాయులు వెల్లకిలా పడుకున్నపుడు ఆ బరువు ఊపిరితిత్తుల కింది భాగాలను నొక్కివేస్తుంది. వ్యాధి వచ్చినపుడు మొదట మూసుకుపోయేవి ఆ భాగాలే. 2009 నాటి స్వైన్ ఫ్లూలోనూ, కరోనాలోనూ ఇది స్పష్టంగా బయటపడింది.

ఇక్కడ రమజాను విషయం చెప్పడం అవసరం. మధుమేహం ఉన్నవారు ఉపవాసాలకు నెలన్నర, రెండు నెలల ముందే వైద్యుని సంప్రదించి మందుల వేళలు మార్చుకోవాలి. ఇన్సులిన్ మీద ఆధారపడినవారు, చక్కెర అదుపులో లేనివారు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారు వైద్యుని మాటకు తలవంచాలి. రోగికి ఖుర్ఆన్ ఇచ్చిన సడలింపు దయతో ఇచ్చినది. దానిని స్వీకరించడం బలహీనత కాదు. వేలికొన నుంచి చుక్క రక్తం తీసి చక్కెర చూసుకుంటే ఉపవాసం భంగం కాదన్నది అధిక సంఖ్యాక ఉలమాల అభిప్రాయం. జ్వరం, ఆయాసం ఉన్న వేళ నీరు కూడా తాగక పట్టుదలతో ఉపవాసం కొనసాగిస్తే, మన ప్రాంతపు ఎండలకు మూత్రపిండాలు త్వరగా దెబ్బతింటాయి. మూత్రపిండాలు దెబ్బతిన్న రోగికి ఐసీయూలో కోలుకునే అవకాశం చాలా తగ్గుతుంది.

దుమ్ము, పొగ

రాయలసీమకు ప్రత్యేకమైన కారణం ఒకటున్నది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, బనగానపల్లె పరిసరాలలో నాపరాళ్ల గనులు, పాలిష్ యంత్రాలు వేలాది కుటుంబాలకు బువ్వ పెడుతున్నాయి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలున్నాయి. ఆదోనిలో పత్తి మిల్లులున్నాయి. ఈ పనులలో మన కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. సిలికా కలిసిన రాతి దుమ్ము ఏళ్ల తరబడి పీల్చినవారి ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిబడతాయి. పత్తి దుమ్ము గాలి గొట్టాలను ఇరుకు చేస్తుంది. మామూలు రోజులలో వారికి మెట్లెక్కేటపుడు మాత్రమే ఆయాసం తెలుస్తుంది. వైరస్ సోకినపుడు వారి వద్ద మిగిలిన నిల్వ ఎంత స్వల్పమో బయటపడుతుంది.

బీడీ, సిగరెట్ సంగతి అందరికీ తెలిసినదే. తెలియనిది వంటింటి పొగ. కంపచెట్ల కట్టెలతో, గాలి ఆడని గదిలో ముప్పై ఏళ్లు వంట చేసిన తల్లి ఒక్క బీడీ కూడా తాగకపోయినా, ఆమె ఊపిరితిత్తులు పొగ తాగినవాని ఊపిరితిత్తులవలె మారవచ్చు. గ్యాసు సిలిండరు ఇంట్లో ఉండి కూడా ఖర్చుకు వెరచి పొయ్యి మీదనే వండే ఇళ్లకు మా విన్నపం: కనీసం పొయ్యిని ఆరుబయటికి మార్చండి. దుమ్ములో పనిచేసే మగవారు నోటికి తడిగుడ్డ చుట్టుకోవడం చాలదు. దుమ్మును ఆపే మాస్కు, రాయి కోసేచోట నీళ్లు చల్లే ఏర్పాటు యజమాని కల్పించవలసినవి. అడగడం కార్మికుని హక్కు. ఆయాసం ఉన్నవారు ఎక్స్‌రే తీయించుకుని, తాము చేసే పనిని వైద్యునికి చెప్పాలి.

ఆలస్యం

అన్ని కారణాలలోనూ మన చేతిలో పూర్తిగా ఉన్నది ఇదే. ఈ వ్యాధులలో కొందరికి ఐదో రోజు, ఏడో రోజు తర్వాత పరిస్థితి హఠాత్తుగా మారుతుంది. జ్వరం తగ్గినట్లే ఉండి ఆయాసం మొదలవుతుంది. కరోనాలో మరొక వింత కూడా చూశాము. రక్తంలో ప్రాణవాయువు బాగా పడిపోయినా రోగి మాట్లాడుతూ, చాయ్ తాగుతూ కూర్చున్నాడు. ఆయాసం తెలియలేదు గనుక ఇంటివారు ధైర్యంగా ఉన్నారు.

అందుచేత కళ్లతో చూసిన దానితో సరిపెట్టుకోక లెక్క చూడాలి. పెద్దవారు విశ్రాంతిగా ఉన్నపుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. గడియారం ముందు పెట్టుకుని రోగి ఛాతీ లేచి పడడం ఒక నిమిషం పాటు లెక్కించండి. 24 లేదా అంతకు మించితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. 30కి చేరితే అది అత్యవసర స్థితి. దీనికి యంత్రం అక్కరలేదు, చదువు అక్కరలేదు. ఇంట్లో ఆక్సీమీటర్ ఉంటే, 94కు తగ్గిన అంకెను తేలికగా తీసుకోవద్దు. 90 కన్నా తగ్గితే ఒక్క గంట కూడా ఆగవద్దు. గోళ్ల రంగు, నల్లని మెహందీ ఉన్న వేలికి పెడితే అంకె తప్పుగా రావచ్చు. చర్మం నలుపుగా ఉన్నవారిలో ఆ పరికరం ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ చూపుతుందని కూడా తేలింది. అంకె బాగున్నా మనిషి బాగులేకపోతే మనిషినే నమ్మండి. మాట తడబడడం, మగతగా ఉండడం, పెదవులు నీలిబారడం, మూత్రం తగ్గడం ఇవన్నీ అపాయ సూచనలే.

బ్రిటన్‌లో వేలాదిమంది రోగుల సమాచారంతో 2020లో రూపొందించిన ఒక అంచనా పద్ధతిని చూస్తే ఈ మాట బలపడుతుంది. అందులో లెక్కలోకి తీసుకున్నవి ఎనిమిదే: వయసు, పురుషుడా స్త్రీయా, ఇతర వ్యాధుల సంఖ్య, ఊపిరి వేగం, ప్రాణవాయువు శాతం, స్పృహ స్థితి, రక్తంలో యూరియా, వాపును చూపే ఒక పరీక్ష. ఇవన్నీ రోగి ఆసుపత్రిలో చేరిన రోజున ఉన్న స్థితిని చెప్పేవే. వీటిలో ఊపిరి వేగం, స్పృహ స్థితి ఏ పరికరమూ లేకుండా ఇంట్లోనే గమనించగలిగినవి.

మన గ్రామాలలో ఆలస్యానికి ఒక అలవాటు మార్గం ఉన్నది. మొదట మందుల దుకాణం, తర్వాత ఆర్‌ఎంపీ వద్ద సూది, ఆపై ఒక సెలైన్ సీసా, చివరికి పట్టణం. ఆ సూదులలో తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. దానితో జ్వరం ఒకటి రెండు రోజులు అణగిపోతుంది, రోగం తగ్గిందన్న భ్రమ కలుగుతుంది, చక్కెర మాత్రం పెరుగుతుంది. దువా చేయండి, తప్పక చేయండి. ఆటోలో ఆసుపత్రికి వెళ్తూ చేయండి.

గడపకు అవతల

ఇక వెంటిలేటర్ భయం. వెంటిలేటర్ పెట్టినవారిలో మరణాలు ఎక్కువన్నది నిజమే. కాని వెంటిలేటర్ ఎవరికి పెడతారు? ఇతర మార్గాలన్నీ చాలని వారికే పెడతారు. అంబులెన్సులో వచ్చినవారిలో మరణాలు ఎక్కువ గనుక అంబులెన్సే చంపుతున్నదని అంటామా?

పైగా ఈ చికిత్స గత ఇరవై ఏళ్లలో ఎంతో మెరుగుపడింది. యంత్రం ఒక్కసారికి పంపే గాలి పరిమాణాన్ని తగ్గిస్తే ఊపిరితిత్తులకు గాయం తగ్గుతుందని 2000 సంవత్సరంలో అమెరికాలో జరిగిన పరిశోధన నిరూపించింది. దానితో మరణాలు దాదాపు 40 శాతం నుంచి 31 శాతానికి దిగాయి. తీవ్రస్థితిలో ఉన్న రోగిని రోజుకు పదహారు గంటలు బోర్లా పడుకోబెట్టడం వల్ల 28 రోజులలోపు మరణాలు 33 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయని 2013లో ఫ్రెంచి వైద్యులు చూపారు. మందులు కాదు, ఖరీదైన యంత్రమూ కాదు, బోర్లా తిప్పడం! అయితే గొట్టాలన్నీ జారిపోకుండా రోగిని తిప్పడానికి శిక్షణ పొందిన నలుగురైదుగురు సిబ్బంది కావాలి.

కరోనాలో ప్రాణాలు నిలబెట్టిన మొదటి మందు కూడా చవకైనదే. డెక్సామెథసోన్ అనే పాత స్టెరాయిడ్‌ను రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజుల వరకు ఇస్తే, వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు 41 శాతం నుంచి 29 శాతానికి తగ్గాయని 2020 జూన్‌లో బ్రిటన్ పరిశోధకులు ప్రకటించారు. ప్రాణవాయువు అవసరం లేనివారికి అదే మందు ఏ మేలూ చేయలేదు. అందుకే దానిని ఇంట్లో సొంతంగా వాడకూడదు. మరోవైపు 2021లో రెమ్‌డెసివిర్ సీసాల కోసం ఎన్ని కుటుంబాలు నగలు తాకట్టు పెట్టాయో మనకు తెలుసు. అప్పటికే, వెంటిలేటర్ మీద ఉన్న రోగుల ప్రాణాలను అది కాపాడినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షలలో కనబడలేదు. ఖరీదును బట్టి మందు విలువను కొలవరాదని ఈ రెండు మందులూ మనకు నేర్పాయి.

ఐసీయూలో చేరిన తర్వాత కూడా కొత్త అపాయాలు పొంచి ఉంటాయి. వైరస్ దెబ్బతీసిన ఊపిరితిత్తులలో బ్యాక్టీరియా చేరి న్యుమోనియా రావడం, రక్తం గడ్డలు కట్టడం, మూత్రపిండాలు ఆగడం వాటిలో ముఖ్యమైనవి. సందర్శకులను లోపలికి అనుమతించకపోవడానికి, చేతులు కడగమని పదేపదే చెప్పడానికి ఇదే కారణం. తలుపు వద్ద సిబ్బందితో గొడవపడే సోదరులు ఇది గుర్తుంచుకోవాలి.

కుటుంబం మీదనే భారమంతా మోపడం మా ఉద్దేశం కాదు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా కొద్ది నిమిషాలు తగ్గినందువల్ల 11 మంది మరణించారని ప్రభుత్వమే ప్రకటించింది. వారు సమయానికి ఆసుపత్రికి చేరినవారే. కర్నూలు వైద్య కళాశాలకు అనుబంధమైన సర్వజన వైద్యశాల మీద సరిహద్దు జిల్లాల ప్రజలు కూడా ఆధారపడతారు. కడపలో రిమ్స్ 2006లో వచ్చింది. ఈ రెండింటి మధ్య ఉన్న పల్లెలకు ఐసీయూ అంటే గంటల ప్రయాణం. తగినంత మంది నర్సులు, నిలకడైన ఆక్సిజన్, తాలూకా స్థాయిలో అత్యవసర పడకలు ఉండడం కూడా రోగి గతిని నిర్ణయించే కారణాలే. వాటిని అడిగి సాధించుకోవడం పౌరులుగా మన బాధ్యత. మసీదు కమిటీలు, యువజన సంఘాలు వంతెనలు, రోడ్ల కోసం ఇచ్చే వినతిపత్రాలలో ఈ మాట కూడా చేర్చవచ్చు.

ఇంట్లో చేయవలసినవి

ఒక కాగితం మీద ఇంట్లోని పెద్దవారి పేరు, వయసు, ఉన్న వ్యాధులు, వాడుతున్న మందులు, పడని మందులు రాసి తలుపు వెనుక అంటించండి. ఆసుపత్రికి పరుగెత్తే వేళ అది మీ చేతిలో ఉండాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు, ఆధార్ ప్రతి దానితో పాటే ఉంచండి. జ్వరం ఏ రోజున మొదలైంది, ఆయాసం ఏ రోజున మొదలైంది అన్నది రాసుకోండి. బీడీ తాగుతారా, సూది వేయించుకున్నారా, నాటు మందు వాడారా అని వైద్యుడు అడిగితే దాచవద్దు. మీరు దాచిన విషయమే ఆ రోగికి అపాయం కావచ్చు.

అరవై దాటినవారు, మధుమేహం, గుండె, ఊపిరితిత్తుల, మూత్రపిండాల వ్యాధులున్నవారు, గర్భిణులు ప్రతి ఏడాది ఫ్లూ టీకా గురించి వైద్యుని అడగండి. పెద్దవారికి న్యుమోనియా టీకా కూడా ఉన్నది. హజ్, ఉమ్రా ప్రయాణం తలపెట్టినవారు బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందే ఫ్లూ టీకా తీసుకోవడం మంచిది. లక్షలాది జనం ఒకచోట చేరినపుడు దగ్గు, జలుబు తప్పవు. వెళ్లేవారిలో వృద్ధులు చాలామంది ఉంటారు.

ఐసీయూ నుంచి తిరిగివచ్చిన మనిషిని “బాగైపోయావు కదా” అని మరుసటి వారమే పనికి పంపవద్దు. కండరాల నీరసం, మరపు, నిద్రలో ఉలికిపాటు కొన్ని నెలలు ఉండవచ్చు. కొద్దికొద్దిగా నడిపించండి. పప్పు, గుడ్డు, పాలు వంటి బలమైన ఆహారం పెట్టండి. నమాజు కూర్చుని చేయవలసివస్తే చేయనివ్వండి.

ఈ నెలలో ప్రతి ఇంటి నుంచి మేము కోరేది రెండు చిన్న పనులు. ఇంట్లో నలభై దాటిన వారందరికీ ఒకసారి చక్కెర పరీక్ష చేయించండి. ఇంట్లోని పెద్ద పిల్లలలో ఒకరికి, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నారో లెక్కించడం నేర్పండి. మొదటి పని నడుస్తున్న ఆరోగ్యానికి కాపలా. రెండవది అర్ధరాత్రి దాదీ ఆయాసపడుతున్నపుడు, “తెల్లారి చూద్దాం” అనే మాటను ఆపగలిగే ఒక అంకె.